అమ్మ వచ్చిన మధ్యాహ్నం

ఆగస్టు 20, మంగళవారం

జ్వరం. నూట రెండు. థీసిస్ మూడో చాప్టర్ టేబుల్ మీద పరిచినట్టే ఉంది. శశి బ్యాంకుకి వెళ్తూ నుదుటి మీద తడిగుడ్డ వేసి, అది చాలదేమోనని దాని మీద ఇంకోటి వేసి వెళ్లాడు. కళ్లు మూసుకుంటే అక్షరాలు ఈదుతున్నాయి. ఇంక రాయలేను.

ఆగస్టు 23, శుక్రవారం

నిన్న మధ్యాహ్నం అమ్మ వచ్చింది.

ఆగస్టు 24, పొద్దున

టెంపరేచర్ దిగింది. మర్చిపోకముందే ఉన్నదున్నట్టు రాసుకోవాలి.

గురువారం మధ్యాహ్నం. శశి బ్యాంకులో ఉన్నాడు. పైన ఉండే ఓనర్ కమలాదేవి ఆంటీ బౌద్ధనగర్‌లో చెల్లెలి ఇంటికి వెళ్లారు. ఎవరైనా వస్తే లేచి తలుపు తీసే ఓపిక లేదని గడియ పెట్టకుండా దగ్గరికి వేసి పడుకున్నాను. బయట సన్నగా వాన. మెట్టుగూడ వైపు ఏదో గూడ్సు ఆపకుండా కూత పెడుతోంది. నేను ఆ గూడ్సులోనే పోతున్నాననుకున్నాను. కిటికీలోంచి చూస్తే క్యాంపస్ చెట్లు వెనక్కి పోతున్నాయి, ఆర్ట్స్ కాలేజీ కూడా మెల్లగా వెనక్కి పోతోంది, మెట్ల మీద కూర్చున్న పిల్లలు నాకు చేతులూపుతున్నారు. గూడ్సుకి కిటికీలుండవని ఇప్పుడు గుర్తొస్తోంది.

అప్పుడు నుదుటి మీద చెయ్యి పడింది. చల్లటి చెయ్యి, గరుకు చెయ్యి. కాసేపటికి అరికాళ్లకు ఉల్లిగడ్డ రుద్దడం తెలిసింది. మా ఇంట్లో జ్వరమంటే అదే మందు. ఉల్లిగడ్డ సగానికి కోసి, కాళ్లు మండేదాకా రుద్దుతుంది అమ్మ. "గిట్ల ఎండుకపోయినవేంది బిడ్డా" అన్నది. ఆ గొంతు అమ్మదే.

నేను కళ్లు తెరవలేదు. తెరిస్తే వెళ్లిపోతుందనిపించింది. తెరిచేసరికి సాయంత్రమైంది, ఫ్యాన్ తిరుగుతోంది, ఎవరూ లేరు.

అమ్మ ఉండేది లాలాపేట్‌లో. ఫ్లైఓవర్ దిగితే వాళ్ల గల్లీ. తార్నాకలో మా ఇంటి నుంచి ఆటో ఎక్కితే సీటు వేడెక్కేలోపు దిగాలి. నేను శశిని రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి చేసుకున్నప్పటి నుంచి ఆమె నాతో మాట్లాడలేదు. వాళ్లు ఆంధ్రావాళ్లనీ, కులం వేరనీ చుట్టాలు గొడవ చేశారు. అమ్మకు అవన్నీ పట్టలేదు. ముందు తనకు చెప్పలేదన్నదే ఆమె కోపం. "నీ గడప తొక్కితె నా కాళ్లిరుగ" అని ఒట్టు పెట్టుకుంది. అమ్మ మాట ఇవ్వడం తక్కువ, ఇస్తే మాత్రం మొండికేసిన ఎద్దే.

అలాంటి మనిషి వచ్చింది.

ఆగస్టు 26

శశికి చెప్పాను. చాలా మెల్లగా, కల కాదు కదా అని అడిగాడు. నాకు కోపమొచ్చింది. అరికాళ్లు వాసన చూడమన్నాను. పాపం, మంచం చివర మోకాళ్ల మీద కూర్చుని రెండు కాళ్లూ వాసన చూశాడు. బామ్ వాసన వస్తోందన్నాడు. శశికి ముక్కు దిబ్బడ పుట్టుకతో వచ్చింది. గ్యాస్ లీకైనా పక్కింటివాళ్లు వచ్చి చెప్పాలి. ఇంట్లో ఉల్లిగడ్డలు తగ్గాయా అని బుట్ట చూశాం. ఎన్ని ఉండేవో ఇద్దరికీ తెలియదు.

ఆగస్టు 27

నవ్వొస్తోంది. నా థీసిస్‌కి అంశమే సందేహం.

వందేళ్లు దాటిన అమెరికా ఆలోచన ఒకటి, ప్రాగ్మాటిజం అంటారు. దాన్ని పట్టుకుని కూర్చున్నాను. అందులో నాకు మొదటి నుంచీ నచ్చింది ఒక సంగతి. సందేహపడదామనుకుంటే సందేహం రాదు. కుర్చీలో కూర్చుని ఈ టేబుల్ నిజంగా ఉందా అని రాసుకునేది కాగితపు సందేహం. అసలు సందేహం పంటి సందులో ఇరుక్కున్న మామిడి పీచు లాంటిది. నాలుక ఊరికే అక్కడికే పోతుంది. దాన్ని వదిలించుకోవడానికి పడే యాతనే ఆలోచన. వదిలాక మిగిలేది నమ్మకం. నమ్మకమంటే ఇకమీదట మనం ఎలా నడుచుకుంటామో ఆ అలవాటు, అంతే.

మూడేళ్లుగా పేజీలకు పేజీలు రాశాను. పీచు మాత్రం ఇప్పుడే ఇరుక్కుంది.

ఆగస్టు 29

కమలాదేవి ఆంటీ జావ తెచ్చిచ్చారు. మాటల్లో మాటగా, ఆ రోజు మా ఇంటికి ఎవరైనా వచ్చినట్టు తెలిసిందా అని అడిగాను. ఆవిడ తిరిగొచ్చేసరికి గేటు గొళ్లెం తీసి ఉందట. జావ గిన్నె పక్కన పెట్టి లేచి కూర్చున్నాను. కొరియర్ కుర్రాళ్లు ఎప్పుడూ అలాగే తీసి పోతారమ్మా, గేటు వేయడం వాళ్ల ఇంటావంటా లేదు అన్నారు. ఎవరి కోసం అడుగుతున్నావని నా మొహంలోకి చూశారు. ఏం లేదన్నాను. ఆవిడ నమ్మలేదు.

గేటు గొళ్లెం తీసి ఉండటం అమ్మకి గుర్తా, కొరియర్‌కి గుర్తా? గుర్తు దానంతటది ఏమీ చెప్పదు. చూసేవాళ్లుండాలి. పొగ చూసేవాడు లేకపోతే పొగ దేనికీ గుర్తు కాదు. నేను చూస్తే అది అమ్మ. ఆంటీ చూస్తే కొరియర్.

సెప్టెంబర్ 1, ఆదివారం

పొద్దుట్నుంచీ ఒకటే వాన. రోడ్ల మీద నీళ్లు. శశి అడిగాడు, ఇంత నలిగిపోయే బదులు లాలాపేట్ వెళ్లి ఆమెనే అడగొచ్చు కదా అని. మగవాళ్ల బుర్రకు అన్నీ సులువే.

అడగలేను. నాకు జ్వరమని నాన్నకు ఫోన్‌లో చెప్పాను; బాపు ఎవరో అన్నట్టు ఆమెకు చెప్పాడు, అది ఖాయం. నేను వెళ్లి వచ్చావా అని అడిగి, ఆమె రాలేదంటే? అప్పుడు నాకు తెలిసేది ఒకటే. కూతురు జ్వరంతో పడి ఉందని తెలిసి కూడా ఆమె రాలేదు. ఆ మాట చెవిన పడ్డాక నేను మళ్లీ ఆమె కూతుర్ని కాలేను. ఒకవేళ ఎవరికీ తెలియకుండా వచ్చి వెళ్లి ఉంటే, అడిగి ఆమె ఒట్టు నేనే బజార్లో పెట్టినట్టవుతుంది. అప్పుడిక ఎప్పటికీ రాదు.

సెప్టెంబర్ 6

బాపు ఫోన్ చేశాడు. పనిచేసే డెయిరీ నుంచి టీ టైమ్‌లో చేస్తాడు, అమ్మకు తెలియకుండా. అమ్మకు తెలుసు. తెలియనట్టు ఉంటుంది. మా ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు.

ఆ గురువారం అమ్మ ఏం చేసిందని చల్లగా అడిగాను. మధ్యాహ్నం కూరగాయలకని పోయిందట, పొద్దుగూకినాక వచ్చిందట, కాళ్లు నొస్తున్నాయని తినకుండా పండుకుందట. కూరగాయలు తేలేదట.

కూరగాయలు తేలేదు!

బాపుకి ఏమీ చెప్పలేదు. ఫోన్ పెట్టేసి వంటింట్లో నిలబడి నవ్వుకున్నాను. శశి వచ్చేసరికి పాయసం వండాను. ఏంటి విశేషమన్నాడు. మా అమ్మ వచ్చిందన్నాను. ఇప్పుడా అని బెడ్రూంలోకి తొంగిచూశాడు.

సెప్టెంబర్ 13

వారం రోజులుగా నేలకు రెండంగుళాల పైన నడుస్తున్నాను. లైబ్రరీలో కిటికీ పక్కన కూర్చుంటే చదివిందేమీ లేదు, బయట నెమలి ఒకటి పార్కింగ్‌లో బైకుల మధ్య తిరుగుతోంది, దాన్నే చూశాను. మధ్యాహ్నం నిద్రలో అమ్మ రోజూ వస్తోంది. ఒకరోజు మెట్రో దిగి వచ్చింది. ఒకరోజు మా డిపార్ట్‌మెంట్ వరండాలో చాట పట్టుకుని కూర్చుని, బియ్యంలో రాళ్లేరుతూ నా చాప్టర్ ఎంతవరకొచ్చిందని అడిగింది. ఈ కలలన్నీ కలలేనని నాకు తెలుసు. గురువారంది ఒక్కటే వేరు.

సెప్టెంబర్ 18

గైడ్ పార్థసారథి సార్‌తో నడక. సార్ గదిలో కూర్చుని మాట్లాడరు. ఏ డిస్కషన్ అయినా ఆర్ట్స్ కాలేజీ దగ్గర మొదలుపెట్టి చెట్ల కిందుగా ఒక చుట్టు తిరిగి రావాల్సిందే. నడుస్తూనే మన పేజీలు చదువుతారు, స్పీడ్ బ్రేకర్ వస్తే మనం మోచెయ్యి పట్టుకోవాలి. ప్రతి గొప్ప వాక్యం పక్కనా పెన్సిల్‌తో రెండే మాటలు రాస్తారు: రేపు పొద్దున? అంటే, ఈ వాక్యం నిజమైతే రేపు పొద్దున లేచి నువ్వు ఏం వేరేగా చేస్తావు అని. ఏమీ చేయకపోతే కొట్టేయాలి. జూనియర్లు గుడ్ మార్నింగ్ బదులు రేపు పొద్దున అని పలకరించుకుంటారు.

ఈసారి నా పదహారు పేజీల్లో పదకొండింటి పక్కన అదే. సార్ చెయ్యి అరిగిపోయి ఉంటుంది.

సెప్టెంబర్ 25

బాపు మళ్లీ చేశాడు. ఏవేవో చెప్పి, చివర్లో, నువ్వు ఆ దినం సంగతి అడిగినవ్ గదా, మీ అమ్మ మెట్టుగూడకు మీ పెద్దమ్మ ఇంటికి పోయిందట బిడ్డా అన్నాడు. పెద్దమ్మ కొడుకు రైల్వేలో చేస్తాడు, అక్కడ క్వార్టర్స్‌లో ఉంటారు. నిన్న పెద్దమ్మే చెప్పిందట.

మంచిది.

సెప్టెంబర్ 26

మెట్టుగూడ నుంచి తార్నాక ఎంత దూరమని? పెద్దమ్మ ఇంటికి పోయి, అక్కడి నుంచి ఇక్కడికి రావచ్చు. దారిలోనే కదా.

ఇలా ఆలోచించేవాళ్లని నేను థీసిస్‌లో వెక్కిరించాను. నచ్చిన నమ్మకాన్ని రెండు చేతులా పట్టుకుని, ఎదురు సాక్ష్యం వచ్చినప్పుడల్లా పక్కకు జరిగి దారిస్తారని. ఆ పేజీ తీసి చదివాను. ఎంత పొగరుగా రాశానో.

అక్టోబర్ 10

సద్దుల బతుకమ్మ. హాస్టల్ ఆడపిల్లలు పూలు పేర్చి ఆడుతున్నారు. నన్ను కూడా లాగారు. తల నొప్పి అని చెప్పి దూరంగా గట్టు మీద కూర్చున్నాను. చప్పట్లు ఒకసారి దగ్గరగా, ఒకసారి ఎక్కడో ఊరవతల నుంచి వచ్చినట్టు వినిపించాయి. కాసేపు నేనున్నది ఏ ఊరో తెలియలేదు. అమ్మ కావాలనిపించింది. అంతకన్నా ఏమీ లేదు.

అక్టోబర్ 22

ఇప్పుడు ఆ చెయ్యి కూడా గుర్తుకు రావడం లేదు. గుర్తు తెచ్చుకుని తెచ్చుకుని అరగ్గొట్టాను. చల్లగా ఉండిందని రాసుకున్నాను కాబట్టి చల్లగా ఉండిందని తెలుసు. గరుకుగా ఉండిందని కూడా రాసే ఉంది.

మూడో చాప్టర్ ఆగిపోయింది. శశి ఏమీ అనడం లేదు, అన్నం తానే వండుతున్నాడు. ఉప్పు తెలియదు పాపం, ముక్కుతో పాటు నాలుకా పోయింది.

నవంబర్ 5

సార్‌తో నడక. కొత్తగా రాసిందేమీ లేదని చెప్పాను. ఖాళీ చేతులతోనే నడుద్దాం రమ్మన్నారు. ఎండ లేదు, మబ్బూ లేదు, చెట్ల మధ్య పొగలాగా ఏదో నిలబడి ఉంది. కాసేపయ్యాక నేనే అడిగాను. ఒక సంగతి జరిగిందో లేదో తేల్చుకునే దారే లేనప్పుడు, మనిషి దాన్ని నమ్మొచ్చా సార్ అని. ఏం సంగతని అడగలేదు సార్. అదే ఆయనలో గొప్పతనం. స్పీడ్ బ్రేకర్ దగ్గర ఆగారు.

"నమ్మకం తలకాయలో ఉంటుందనుకుని వెతుకుతున్నావమ్మా నువ్వు. అది కాళ్లలో ఉంటుంది. ఆ సంగతి జరిగిందనే నువ్వు నమ్మితే, రేపు పొద్దున నీ కాళ్లు ఎటు వెళ్తాయి?"

లాలాపేట్‌కి అనబోయి ఆపుకున్నాను.

మరి ఇన్నాళ్లూ ఎందుకు వెళ్లలేదన్నట్టు చూశారు. నిజంగా అలా చూశారో నేనే అనుకున్నానో. అమ్మ వచ్చిందని పాయసం వండాను, ఊళ్లో చెప్పలేదు గానీ నాలో నేను ఊరేగాను. ఒక్క అడుగు అటు వేయలేదు. అంటే నేను నమ్మలేదన్నమాట. ఆగస్టు నుంచి ఇప్పటిదాకా ఒక్కరోజు కూడా నమ్మలేదు.

నవంబర్ 6

ఆటో ఎక్కాను. ఫ్లైఓవర్ దాకా వెళ్లి తిరిగొచ్చాను. ఆటో ఆయన డబ్బులు తీసుకుంటూ ఏం మర్చిపోయారు మేడమ్ అన్నాడు.

నవంబర్ 7, గురువారం

వెళ్లాను.

గల్లీ మారలేదు. మా తలుపుకి రంగు మారింది. అమ్మ గడప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది. దుకాణం దాకా పోయి వచ్చినదాన్ని చూసినట్టు చూసింది. జుట్టు బాగా నెరిసింది, బాపు ఫోన్‌లో ఇది చెప్పలేదు. నేను బయటే నిలబడ్డాను. వచ్చావా అని అడగకూడదని దారంతా అనుకుంటూ వచ్చాను. అడిగితే రెండు జవాబులుంటాయి. నమ్మినదాన్నైతే అడగను, చెప్తాను.

"జ్వరమొచ్చిన దినం నువ్వొచ్చినవ్ గద అమ్మా. నేను కండ్లు తెరువలె గని, నాకు తెల్సు" అన్నాను.

అమ్మ చెయ్యి ఆగింది. మొహంలో ఆశ్చర్యం కనిపించింది. ఒక్క క్షణమే, కానీ కనిపించింది. వచ్చిన మనిషికి ఆశ్చర్యం ఎందుకు? నాకు అక్కడే తెలిసిపోయింది. ఉల్లిగడ్డ లేదు, చెయ్యి లేదు, గొంతు లేదు. అంతా జ్వరమే. వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది, కాళ్లు రాలేదు.

అమ్మ చిక్కుడుకాయ ఈనె మెల్లగా చివరిదాకా లాగింది.

"వస్తె ఏమాయె" అన్నది. "కడుపుల పుట్టినదానికి జ్వరమొస్తె రాకుంట ఉంటనా."

ఆమే మళ్లీ, నావైపు చూడకుండా అన్నది. "ఒట్టు పెట్టుకున్న గదా, అందుకే ఎవ్వలకు చెప్పలె. ఆ మెట్లెక్కేసరికి నా మోకాళ్లు పోయినయ్."

మా ఇంటికి మెట్లు లేవు. మాది కింది పోర్షన్. ఎక్కడైనా ఓనర్లు కింద ఉంటారు, అద్దెవాళ్లు పైన. కమలాదేవి ఆంటీది రివర్సు, ఆవిడకు పైన గాలి కావాలి. మా ఇల్లు ఎన్నడూ చూడని అమ్మ అందరి లెక్కే వేసుకుంది.

"అవునమ్మా, ఎత్తు మెట్లు" అన్నాను.

అమ్మ చాట పక్కకు పెట్టి, గడప మీద నుంచి జరిగి నాకు దారిచ్చింది. లోపలికి పోయాక ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు. అమ్మ ఓదార్చలేదు, ఎందుకని అడగలేదు. రెండు ఉల్లిగడ్డలూ కత్తీ తెచ్చి నా ముందు పెట్టి కొయ్యమన్నది. నేను కోస్తూ ఏడ్చాను. అప్పుడు ఎవరు చూసినా ఏమీ అనుకోరు.

చిక్కుడుకాయ కూర, జొన్న రొట్టె. మూడు తిన్నాను. బాపు డ్యూటీ దిగి వచ్చి నన్ను చూసి, చెప్పులు కూడా విడవకుండా అలాగే నిలబడిపోయాడు. అమ్మ ఆయన్ని, ఏంది గట్ల చూస్తున్నవ్, నీ బిడ్డెనే, అని కసిరింది.

నవంబర్ 9

రెండు రోజులు సంతోషంగా ఉన్నాను, మూడో రోజు బాధ దిగింది. ఆమెకు తెలుసు, రాలేదు. నేను దేనికి భయపడ్డానో అదే నిజం.

శశికి అంతా చెప్పాను. ఆమె రాలేదనొచ్చు కదా, ఎందుకు అనలేదు అన్నాడు. అది మాత్రం నేను ఆలోచించలేదు. రాలె అని ఒక్క మాట అంటే అయిపోయేది. ఒట్టు నిలబడేది, పంతం నిలబడేది. ఆమె అనలేదు.

నవంబర్ 20

చాప్టర్ ఇచ్చేశాను. సార్ సొంత జీవితంలోంచి ఒక ఉదాహరణ పెట్టమన్నారు. పొద్దున మబ్బు చూసి గొడుగు తీసుకెళ్లిన కథ పెట్టాను. పక్కన పెన్సిల్‌తో, అసలుది దాచావు, అని రాశారు. అవును సార్ అన్నాను. ఉంచుకో అన్నారు.

డిసెంబర్ 1, ఆదివారం

అమ్మా నేనూ కలిసి మెట్టుగూడ వెళ్లాం, పెద్దమ్మ ఇంటికి. అమ్మ నవంబర్ నుంచి ఆ కథ అందరికీ చెప్తోంది. లాలాపేట్ గల్లీలో చెప్పింది, బాపుకి చెప్పింది, ఇవాళ పెద్దమ్మ ముందు కూడా చెప్పింది. వాన పడుతోందట, గొడుగు లేదట, మెట్ల దగ్గర కాలు జారబోయిందట. చెప్పేకొద్దీ ఆమె గొంతు నిండుతోంది. పెద్దమ్మ నన్నే చూస్తోంది. నేను తల ఊపుతూ కూర్చున్నాను.

అమ్మ బాత్రూమ్‌కి వెళ్లినప్పుడు పెద్దమ్మ నా పక్కకు జరిగింది. కోపంగా లేదు.

"ఆ దినం మీ అమ్మ నా దగ్గర్నే ఉన్నది బిడ్డా. పోతనని చెప్పులు ఏసుకునుడు, వాకిట్ల నిలవడుడు, మల్ల ఇడ్సి లోపలికొచ్చుడు. పొద్దుగూకేదాక గదే పని. నేను దెబ్బలాడిన గూడ, పోవే అని. ఆఖరుకు అన్నం తినక ఇంటికి పోయింది."

అమ్మ చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. ఏం మాట్లాడుతున్నరన్నది. పెద్దమ్మ, ఆ మెట్లు ఇంతింత ఎత్తున్నయటనే అని అడిగింది. అమ్మ చెయ్యి మోకాలిదాకా పెట్టి చూపించింది.

తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో అమ్మ నా భుజం మీద నిద్రపోయింది. స్టేషన్ దాటిపోయినా లేపలేదు.

డిసెంబర్ 12

కొంప మునిగింది. ఆదివారం మా ఇంటికి వస్తానంది అమ్మ. బాపుతో.

గేటు తీయగానే తెలిసిపోతుంది. మెట్లు లేవని నాకు మొదటి నుంచీ తెలుసని తెలిసిపోతుంది. అంటే ఆమె రాలేదని నాకు తెలుసని, తెలిసే తల ఊపానని. ఆ కథ చెప్పిన ప్రతి గుమ్మం ముందూ ఆమె తలదించుకుంటుంది. అమ్మ సిగ్గుపడితే కోపంగా మారుతుంది, మళ్లీ ఎన్నేళ్లో.

శశి సీరియస్‌గా ఆలోచించి, ఆంటీని ఒక్క పూట పైన ఇల్లు ఇమ్మని అడుగుదామా అన్నాడు. మంచాలు మోయడానికి ఇద్దరు మనుషులు చాలట. వాణ్ని నేను ప్రేమించింది ఇందుకే.

రావద్దని చెప్పడానికి మూడుసార్లు ఫోన్ తీశాను.

డిసెంబర్ 14

ఇల్లు ఊడ్చాను. చేసేదేమీ లేదు.

డిసెంబర్ 15, ఆదివారం

అమ్మ వచ్చింది. గేటు దగ్గర ఆగి పైకి చూసింది. మా తలుపు వైపు చూసింది. మళ్లీ పైకి చూసింది.

"కిందికి మారిండ్రా?" అన్నది.

"మారినం అమ్మా. నీ మోకాళ్లకని."

పైన బట్టలారేస్తూ మా మాటలు విన్న కమలాదేవి ఆంటీ, పైన గాలి బాగుంటుందని నేనే అడిగి మార్చుకున్నానండీ అని తువ్వాలు దులిపారు.

అమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది.